ముక్క మానేయాలనుంది, ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, బరువు 58 కిలోలు. మాది కర్నూలు, అత్తగారిది హిందూపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా బెంగళూరు బానసవాడిలో ఉంటున్నాం. మావారు, నేను ఇద్దరం ఉద్యోగాలే. ఎనిమిదేళ్ళ బాబు. అత్తయ్య మాతోనే ఉంటారు. మూడు వారాల కిందట ఆదివారం బాబును తీసుకుని చికెన్ కొట్టుకు వెళ్ళాను. కోడిని కోసి డ్రమ్ములో వేశాక లోపల్నుంచి వచ్చిన చప్పుడుకు వాడు నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. అప్పటినుంచి నాకు ముక్క మింగుడు పడటం లేదు. పూర్తిగా మానేద్దామనుకుంటున్నా. మావారేమో "రెండు నెలల్లో అదే సర్దుకుంటుందిలే" అంటారు. అత్తయ్య "అసలే రక్తం లేని మనిషివి, పిల్లాణ్ణి కూడా పాడుచేస్తావా" అంటారు. రెండు నెలల కిందట ఆఫీసులో చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. మానేయవచ్చా? ఇంట్లో వండటమే మాన్పించనా? వచ్చే నెల ఊళ్ళో జాతరకు వెళ్ళాలి, అక్కడేం చెప్పను?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: మానేయవచ్చు. మీ కంచంలో ఏముండాలన్నది మీ ఇష్టం, దానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ఇంట్లో ఏం వండాలన్నది మాత్రం నలుగురి విషయం. ఈ రెండూ కలిపేయడం వల్లే మీ ఇంట్లో మాట మాట పెరుగుతోందని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

ముందు అత్తయ్యగారి మాట చూద్దాం. అందులో సగం నిజముంది. గర్భిణులు కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 11 కన్నా కిందికి దిగితే దాన్ని ఓ మోస్తరు రక్తహీనతగా లెక్కేస్తారు, నిర్లక్ష్యం చేసేది కాదు. అయితే ఆ 10.4 మీరు ముక్క తింటున్న రోజుల్లోనే వచ్చింది కదా! చికెన్ 100 గ్రాముల్లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మీ వయసు ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందన్నది నిజమే. అయినా ఆదివారం నాడు తినే నాలుగు ముక్కలు ఇన్నాళ్ళూ మీ రక్తాన్ని కాపాడలేదు. కారణం మరోచోట ఉంది. నెలసరి వారం దాకా సాగుతోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా అన్నవి చూసుకుని డాక్టరుకు చెప్పండి. ముక్క మానినా మానకపోయినా ఈ వారమే వెళ్ళండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, విటమిన్ బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) నాలుగూ ఒకేసారి చేయించుకోండి. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము. అది 15 కన్నా తక్కువుంటే ఆ గాదె ఖాళీ అయినట్టే.

10.4ను బీట్‌రూట్ రసంతోనో ఖర్జూరాలతోనో 12కు లాక్కురావాలని చూడకండి. డాక్టరు ఇనుము మాత్రలు రాస్తే వేసుకోండి. మాత్రను నిమ్మరసంతోనో జామకాయ తిన్నాకో వేసుకోవాలి. పాలతో, కాఫీతో వేసుకుంటే సగం వృథా. కాల్షియం మాత్ర కూడా ఉంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు పక్కన పెట్టేస్తుంటారు. గాదె నిండాలంటే ఆ తర్వాత కూడా ఇంకో మూడు నెలలు వాడాలి. ఇక శాకాహారంలోని ఇనుముకు పెద్ద శత్రువు ఈ ఊరి అలవాటే: ఇడ్లీ తిన్న చేత్తోనే ఫిల్టర్ కాఫీ. కాఫీ, టీలలోని పదార్థాలు ఆకుకూరల, పప్పుల ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. తిన్నాక గంట ఆగి తాగండి. పప్పులో దించేశాక నిమ్మకాయ పిండటం, మునగాకు కూరతో ఉసిరికాయ పచ్చడి కలుపుకోవడం చిన్న పనులే కానీ వీటివల్ల ఇనుము బాగా ఎక్కుతుంది.

బీ12 సంగతి వేరు. దీన్ని కూరగాయలతో, పప్పులతో భర్తీ చేయలేం, ఎందుకంటే వాటిలో అది లేదు. పులిసిన దోసెపిండిలో ఉంటుందని, స్పిరులినా అనే నీటి నాచు పొడిలో ఉంటుందని చెబుతుంటారు. మొదటిది నమ్ముకోదగ్గది కాదు. రెండోదాంట్లో ఉండేది ఎక్కువభాగం మన ఒంటికి పనికిరాని నకలు. మీకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. అర లీటరు పాలు, పెరుగు కలిపి తీసుకుంటే దాదాపు దగ్గరికి వస్తారు. కోడిగుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. అసలు మోసం ఎక్కడంటే, కాలేయంలో దీని నిల్వ రెండు మూడేళ్ళకు సరిపోతుంది. మానేసిన మూడు నెలలకు పరీక్ష చేయించుకుని "చూడండి, బాగానే ఉంది" అనుకుంటారు. మూడో ఏడు అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నాలుక మండుతుంది, చెప్పిన మాట మరచిపోతుంటారు. ఒకవేళ ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతుంటే రక్తం మామూలుగానే కనబడుతుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ఏడాదికోసారి బీ12 చూపించుకోవాలి. 200 కన్నా తక్కువుంటే లోపం. 200కూ 300కూ మధ్య ఉంటే డాక్టరుతో మాట్లాడి మాత్ర మొదలుపెట్టడం మేలు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే దీన్ని ముందే సరిచేసుకోండి. బీ12 మాత్ర తయారయ్యేది సూక్ష్మజీవుల పులియబెట్టుడుతో, అందులో మాంసం ఉండదు. క్యాప్సూల్ అయితే పైతొడుగు చాలావాటికి జెలటిన్‌ది, అంటే పశువుల ఎముకలు, తోళ్ళనుంచి తీసింది. మీకు అది పట్టింపైతే షాపులో "క్యాప్సూల్ వద్దు, టాబ్లెట్ ఇవ్వండి" అనండి.

గుడ్డు సంగతి మీరే తేల్చుకోవాలి. అంగళ్ళలో దొరికే ఫారం గుడ్లలో పిల్ల ఉండదు. మిమ్మల్ని కలవరపెట్టింది ప్రాణం పోవడమే అయితే గుడ్డు ఆ లెక్కలోకి రాదని కొందరంటారు, వస్తుందని కొందరు. నా సలహా అడిగితే మొదటి ఆరు నెలలు గుడ్డు ఉంచుకోండి, రక్తం నిలదొక్కుకున్నాక ఆలోచించవచ్చు.

ప్రొటీన్ దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే: ముక్క తీసేసి ఆ ఖాళీలో అన్నం పెట్టేస్తారు. ఆదివారం బంగాళాదుంప వేపుడు, పాపడాలు, రసంతో రెండు గిన్నెల అన్నం. మూడు నెలలకు బరువు నాలుగు కిలోలు పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, "శాకాహారం నాకు పడలేదు" అంటారు. పడనిది శాకాహారం కాదు, ఆ అన్నం. పప్పుల ప్రొటీన్ మాంసంలోని దానంత బాగా వంటబట్టదు కాబట్టి కిలో బరువుకు ఒక గ్రాము వేసుకోండి. మీకు 58 గ్రాములు. బియ్యం, రాగులు, గోధుమపిండి కలిపి పచ్చి బరువులో 250 గ్రాములు తింటే 20 గ్రాముల దాకా వస్తుంది. కందిపప్పు 40 గ్రాములకు 9. పాలు, పెరుగు 400 మిల్లీలీటర్లకు 12 పైన. వేయించిన బుడ్డలు (వేరుశనగలు) పిడికెడు, అంటే 30 గ్రాములకు 7. నానబెట్టి ఉడికించిన శనగలో అలసందలో పెసలో ఎండు బరువులో 30 గ్రాములకు 6. అంతా కలిపితే 54. గుడ్డు తింటే ఇంకో 6, సరిపోయింది. గుడ్డు లేని రోజు పెరుగో పప్పో ఒక గరిటె పెంచండి.

కాగితం మీద ఇది తేలిక. కుక్కర్ దగ్గరే తప్పుతుంది. నలుగురికి రోజుకు 160 గ్రాముల కందిపప్పు పడాలి. ఒక్కసారి త్రాసు పెట్టి మీ ఇంట్లో వేస్తున్నది తూచండి, అందులో సగమే ఉంటే ఆశ్చర్యపోకండి. అదీ సాంబారులో పడితే, గరిటెడు సాంబారులో పప్పు ఒకటి రెండు చెంచాలకు మించదు, మిగతాది చింతపండు నీళ్ళు. ముద్దపప్పు, పాలకూర పప్పు, పెసరకట్టు వండిన రోజే లెక్క కుదురుతుంది.

ఆదివారానికి మీల్ మేకర్ (సోయా ముక్కలు) పెట్టుకోండి. ఎండువి 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది, మనిషికి 25 గ్రాములు చాలు. "వాసన, రబ్బరు" అని చాలామంది తీసిపారేస్తారు, వాళ్ళు పిండకపోవడం వల్ల. ఉప్పేసిన నీళ్ళలో నాలుగైదు నిమిషాలు మరిగించి, వార్చి, చన్నీళ్ళలో రెండుసార్లు కడిగి ప్రతిసారీ అరచేతుల మధ్య పెట్టి నీరంతా పిండేయండి. మొదటిసారి పిండిన నీళ్ళు పసుపుపచ్చగా, నురగగా వస్తాయి, ఆ వాసన అక్కడిదే. తర్వాత పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి అరగంట ఉంచితే లోపలికి ఎక్కుతుంది. ఆపైన అత్తయ్య కోడికి నూరే మసాలాయే. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. రాజ్మా మాత్రం కుక్కర్లో మెత్తగా ఉడకాలి, సగం ఉడికింది తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రెండు మూడు వారాలు కడుపుబ్బరం ఉంటుంది. పప్పులు ఒక్కసారిగా పెంచకుండా, ఇంగువ, జీలకర్ర వేసుకుంటూ, నీళ్ళు ఎక్కువ తాగుతూ పోతే సర్దుకుంటుంది.

ఇప్పుడు అత్తయ్య. ఆమె చేతికూర మీరు వద్దనడం ఆమెకు తిండి విషయంలా వినబడదు. ఆదివారం వంట ఈ ఇంట్లో ఆమె పరువు. అది కంచం ముందు కూర్చుని చెప్పకండి. శనివారం సాయంత్రం, ఆమె ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి: "అత్తయ్యా, నాకు ముక్క మింగుడు పడటం లేదు. మీ వంటలో లోపమేం లేదు. మీరంతా మామూలుగా తినండి. నాకు ఆ మసాలాతో అనపగింజల పులుసు చేసిపెడతారా?" బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలలు అవరేకాయల, అంటే మన అనపకాయల కాలం. ఇక్కడి హితికిద బేళె, మన పితికిపప్పు ఒకటే. రాగి సంగటిలోకి ఆ పులుసు ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ఉలవచారు, ఊరుబిండి, పప్పుఉండల పులుసు ఎలా చేయాలో ఆమెనే అడగండి.

ఒక మాట మాత్రం నోటినుంచి రానీయకండి: "నీచు." మన దగ్గర తిండి ఒట్టి తిండి కాదు, దానికి కులం వాసన అంటుకుని ఉంటుంది. "మేం నీచు తినం" అన్న మాటలో ఎదుటివాళ్ళు తక్కువన్న ధ్వని ఉంది. ఈ ఊళ్ళో అద్దె ఇంటికోసం తిరిగినవాళ్ళు "వెజిటేరియన్లకే" అన్న మాట ఎన్ని గుమ్మాల్లో విని ఉంటారో! అదే మాట కోడలి నోట వింటే ఆ గాయం మానదు. వేరే గిన్నెలు, వేరే స్టవ్ అంటూ మొదటి రోజే మొదలుపెట్టకండి. మరీ వెగటుగా ఉంటే మీకంటూ ఒక మూకుడు, ఒక గరిటె, అంతే.

మీవారితో వాదన వద్దు. రెండు నెలల్లో సర్దుకుంటుందో లేదో రెండు నెలలయ్యాక తెలుస్తుంది. ఆయనతో తేల్చుకోవాల్సింది పని పంపకం: "మీరు తినండి. కొట్టుకు వెళ్ళడం, తెచ్చింది కడగడం ఇకమీదట మీ పని." తినని మనిషి చేత ముక్కలు కడిగించడమే చాలా ఇళ్ళల్లో నెలల తరబడి పోట్లాటకు మూలం. ఇంట్లో వండటమే మాన్పించాలన్న ఆలోచన వదిలేయండి. అలా చేస్తే ఆయన బయట తింటారు, మీకు చెప్పరు.

బాబు విషయంలోనూ అంతే. వాడి చెయ్యి మీ చేతిని పట్టుకుంది నిజమే, కానీ వాడు మానేస్తానన్నాడా? మీరు రాయలేదు. "చంపడం పాపం" అని మీరు, "తిను నాన్నా" అని నానమ్మ అంటే వాడు కంచం ముందు ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తుంది. "నాకు తినాలనిపించడం లేదు, నీకు ఇష్టమైతే తిను" అంటే చాలు. వాడే వద్దంటే భయపడాల్సిందేం లేదు. ఆ వయసుకు రోజుకు 23 గ్రాముల ప్రొటీన్ చాలు. రెండు గ్లాసుల పాలు, ఒక గుడ్డు, చిక్కటి పప్పు ఉంటే అది నిండుతుంది. ఆ మూడూ తగ్గించి బిస్కెట్లు పెడితేనే అత్తయ్య మాట నిజమవుతుంది.

కార్తీకం నెల రోజులు ఎలాగూ తినం, ఇదీ అలాగే అనుకోకండి. కార్తీకంలో ముక్క ఏ రోజు తింటామో తెలుసు కాబట్టి ఆగగలం. మీరు దీన్ని అలవాటు చేసుకోవడానికి పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు ఏమీ తీసేయకుండా పప్పులు, పెరుగు, బుడ్డలు పెంచండి. ఇప్పుడు ముక్క సయించడం లేదు కాబట్టి ఆ రెండు వారాలు గుడ్డుతో సరిపెట్టుకోండి. మధ్యలో ఎప్పుడైనా బిర్యానీ వాసనకు నోరూరితే ఓడిపోయినట్టు కాదు.

జాతరకు వస్తే, "మొక్కు ఉంది" అని అబద్ధమాడకండి. ఆ పూటకు పనిచేస్తుంది, మళ్ళీ ఏడాది "మొక్కు తీరలేదా ఇంకా" అని అందరూ అడుగుతారు. రెండు రోజుల ముందు అక్కడ వంట చూసుకునే ఆడపడుచుకో తోటికోడలికో ఫోన్ చేసి, "నేను ముక్క మానేశా వదినా, ఒక గిన్నె పప్పు ఎక్కువ పెట్టు" అనండి. వేట కోసే వేళకు పెరటి వైపు వెళ్ళి ఉల్లిపాయలు తరగండి, ఆకులు కడగండి. పని చేస్తున్న మనిషిని ఎవరూ కూర్చోబెట్టి ప్రశ్నలడగరు. విస్తట్లో ముక్క పడేలోపే సంగటి, పప్పు ముందేసుకోండి.