మీ ప్రశ్నలు – మా జవాబులు: పేస్టబ్‌లో కోత, ఓటరు కార్డు, ఫండ్‌రైజర్ టికెట్

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద మార్చిలో ఆస్టిన్ నుంచి శాన్ హోసే కంపెనీకి మారాను. ఏడాదిన్నరగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్న మా ఆవిడకు ఆగస్టులో డెలివరీ. బిడ్డను చూసుకోవడానికి సెలవు పెడితే తండ్రికి కూడా కాలిఫోర్నియా రాష్ట్రం ఎనిమిది వారాలు డబ్బులిస్తుందట. నేను తీసుకుంటే గ్రీన్‌కార్డుకు అడ్డమా? ఎప్పుడు తీసుకోవాలి?

జవాబు: అడ్డం కాదు. మీ పేస్టబ్‌లో (జీతం చీటీలో) 'సీఏ ఎస్‌డీఐ' (కాలిఫోర్నియా రాష్ట్ర డిసేబిలిటీ బీమా) పేరుతో పోతున్న కోత ఈ బీమాకు మీరు కడుతున్న ప్రీమియమే. 2025లో అది జీతంలో 1.2 శాతం, 2024 నుంచి దానికి పైపరిమితి కూడా లేదు. కట్టిన బీమా తీసుకోవడం గ్రీన్‌కార్డుకు అడ్డొచ్చే ప్రభుత్వ సాయం కిందికి రాదు. తల్లికీ తండ్రికీ విడివిడిగా ఎనిమిదేసి వారాలు వస్తాయి. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు ఒకేసారి వాడుకోవచ్చు, ముక్కలు చేసుకోనూ వచ్చు. మామూలు ఐటీ జీతానికి 70 శాతం, తక్కువ జీతాలకు 90 శాతం దాకా ఇస్తారు. 2025లో వారానికి గరిష్ఠం 1,681 డాలర్లు.

మీ విషయంలో అసలు చిక్కు తేదీలది. ఈ డబ్బులిచ్చే రాష్ట్ర శాఖ ఈడీడీ మీ ప్రస్తుత జీతం చూడదు. క్లెయిమ్‌కు సుమారు 5 నుంచి 18 నెలల ముందు కాలంలో కాలిఫోర్నియాలో వచ్చిన జీతాన్ని చూసి, అందులో ఎక్కువ వచ్చిన మూడు నెలలను లెక్కకు తీసుకుంటుంది. టెక్సస్ జీతం ఈ లెక్కలోకి రాదు. ఆగస్టులో మొదలుపెడితే లెక్క మార్చి 31తో ఆగుతుంది కాబట్టి మీకు ఒక్క నెల జీతమే కనిపిస్తుంది, చెక్కు చిన్నదవుతుంది. అక్టోబరు 1 తర్వాత మొదలుపెడితే లెక్క జూన్ 30 దాకా వస్తుంది, ఏప్రిల్–జూన్ జీతం నిండుగా పడుతుంది.

డబ్బులిచ్చే చట్టం వేరు, ఉద్యోగాన్ని కాపాడే చట్టం వేరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఉద్యోగాన్ని కాపాడే రాష్ట్ర చట్టం సీఎఫ్‌ఆర్‌ఏ రక్షణ దక్కాలంటే ఐదుగురు ఉద్యోగులకు తక్కువ కాని కంపెనీలో 12 నెలల సర్వీసు, 1,250 గంటల పని ఉండాలి. మీకు ఆ 12 నెలలు వచ్చే మార్చికి గాని నిండవు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరో దారి చూసుకోవాల్సిన వీసా మీది. అందుకే మా సలహా: మేనేజరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అక్టోబరులో వద్దు, ఏడాది నిండాక తీసుకోండి. అప్పటికీ బిడ్డకు ఏడాది నిండదు, చెక్కూ తగ్గదు.

మీ ఆవిడ దారి వేరు. ముందు గర్భిణీ డిసేబిలిటీ (కాన్పు వల్ల పనిచేయలేని రోజుల) క్లెయిమ్: మామూలుగా డ్యూ డేట్‌కు ముందు నాలుగు వారాలు, కాన్పు తర్వాత ఆరు, సిజేరియన్ అయితే ఎనిమిది. సెలవు మొదలైన 9 రోజుల తర్వాత, 49 రోజులలోపు క్లెయిమ్ వేయాలి. డాక్టరు తన భాగం నింపకపోతే అది అక్కడే ఆగిపోతుంది, కాబట్టి క్లినిక్‌కు ఫోన్ చేస్తూనే ఉండాలి. అది ముగిశాక బిడ్డ కోసం ఎనిమిది వారాల క్లెయిమ్‌కు ఈడీడీయే ఫారం పంపుతుంది.

మీ క్లెయిమ్ మాత్రం సెలవు మొదటి రోజుకు ముందు వేయకండి, 41 రోజులు దాటనివ్వకండి. జనన ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి. ఇంటిపేరు ముందో వెనకో పడి పాస్‌పోర్టులో ఒకలా, పేరోల్‌లో ఒకలా ఉండడం మనవాళ్లకు మామూలే. గుర్తింపు తనిఖీలో ఆలస్యం అక్కడే మొదలవుతుంది, ముందే సరిచేయించుకోండి. ముందు వెకేషన్ రోజులు వాడమని కంపెనీ అడిగే వీలు 2025 జనవరి నుంచి లేదు. ఈ డబ్బు మీద ఫెడరల్ పన్ను ఉంది, రాష్ట్ర పన్ను లేదు.

ప్రశ్న: నాది గ్రీన్‌కార్డు. డీఎంవీలో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నాక ఓటరుగా నమోదయ్యారంటూ కార్డొచ్చింది. చించి పారేయనా?

జవాబు: పారేయకండి, అదే మీకు సాక్ష్యం. 2018 ఏప్రిల్ నుంచి డీఎంవీ లావాదేవీతోపాటే ఓటరు నమోదు జరుగుతోంది. స్క్రీన్ మీద తొందరలో నొక్కిన ఒక్క 'అవును' చాలు. ఎన్నికలప్పుడు బ్యాలెట్ కూడా ఇంటికే వస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. పౌరులమని తప్పుగా చెప్పుకోవడాన్ని 1996 ఇమ్మిగ్రేషన్ చట్టం చాలా కఠినంగా చూస్తుంది. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. తర్వాత కౌంటీ రిజిస్ట్రార్‌కు రద్దు కోరుతూ రాసి, రద్దయినట్టు లేఖ తీసుకోండి. మీరేం నొక్కారో, ఎక్కడ సంతకం పెట్టారో డీఎంవీ రికార్డు కాపీ అడగండి. రేపు పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. నిజమే రాయాలి, ఈ కాగితాలు జతచేయాలి.

ప్రశ్న: మనవాడొకతను అసెంబ్లీకి నిలబడ్డాడు. 250 డాలర్ల డిన్నర్ టికెట్ కొనమంటున్నారు. నాది హెచ్-1బి.

జవాబు: కొనకండి. ఫండ్‌రైజర్ టికెట్ అంటే విరాళమే. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు సిటీ కౌన్సిల్ నుంచి ప్రెసిడెంట్ దాకా ఎవరికీ ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. పౌరుడైన మిత్రుడి కార్డు మీద కొని అతనికి మీరు డబ్బివ్వడం ఇంకా పెద్ద తప్పు. ఇప్పటికే కొనేసి ఉంటే రాతపూర్వకంగా రిఫండ్ అడగండి. జీతం లేకుండా ఫోన్లు చేసిపెట్టొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో శాసనసభ కమిటీ విచారణకు వెళ్లి మైకు దగ్గర బిల్లుకు మద్దతో వ్యతిరేకతో చెప్పొచ్చు. అక్కడ పౌరసత్వం అడగరు. డిన్నర్‌లో దిగే ఫొటో కన్నా ఆ రెండు నిమిషాలకే విలువెక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) రాష్ట్రవాసులకుండే తక్కువ ఇన్‌స్టేట్ ఫీజు వస్తుందా?

జవాబు: వస్తుంది. హెచ్-4 వారు కాలిఫోర్నియా రెసిడెంట్లు కావచ్చు. క్లాసులు మొదలయ్యే నాటికి మీరు ఇక్కడ 366 రోజులుగా ఉంటూ, ఇక్కడే స్థిరపడే ఉద్దేశాన్ని రాష్ట్ర పన్ను రిటర్ను, లైసెన్సు, అద్దె ఒప్పందంతో చూపాలి. అడ్మిషన్ వచ్చాక అడిగే రెసిడెన్సీ ప్రకటన గడువు దాటించకండి. చిక్కల్లా 21వ పుట్టినరోజుతోనే. ఆ రోజుతో హెచ్-4 ముగుస్తుంది. స్టూడెంట్ వీసా ఎఫ్-1కు మారితే యూసీ లెక్కలో రెసిడెంట్ కాలేదు. బయటివారికి అదనపు ఫీజు, 2025–26లో చేరినవారికి, ఏడాదికి 37,602 డాలర్లు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉంటే పరిస్థితి వేరు. కాబట్టి ఆమెకు 21 ఏ సెమిస్టర్లో నిండుతుందో ఇప్పుడే చూసుకుని, క్యాంపస్ రెసిడెన్సీ అధికారికి మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.