హద్దుగా గెడ్డను రాయకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఆదివారం నీ వంతు వస్తోందనీ, మొదటి ప్రతిపాదనతోనే ఒక రూలును ఇక ఎవరూ కదపలేకుండా చేసేస్తాననీ రాశావు. రూళ్లను ఆటగాళ్లే ప్రతిపాదించి ఓటేసి మార్చుకునే ఆ నామిక్ ఆట నువ్వు ఆడుతున్నావని తెలిసి ఎంత సంతోషపడ్డానో, ఆ రెండో మాట చదివి అంత కంగారుపడ్డాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను.

విజయనగరంలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ని కదా, అక్కడి సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఒక పొలం అమ్మకానికి చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, రాస్తూ పడమర హద్దు దగ్గర ‘గెడ్డ’ (మన వైపు వాగును అలాగే అంటాం కదా) అని రాశాను. అమ్మినవాళ్లు అదే చెప్పారు, కొన్నవాళ్లు ఔనన్నారు. నాలుగేళ్లకు వరదొచ్చి గెడ్డ పక్కకు జరిగింది. పాత గెడ్డకీ కొత్త గెడ్డకీ మధ్య కొంత ఇసుక మేట తేలింది. అది మాదంటే మాదని రెండిళ్లవాళ్లూ కొట్టుకునేదాకా వెళ్లారు. చివరికి ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచి, గెడ్డ అన్న మాట మీద వేలు పెట్టి, “ఏ గెడ్డ రాశావు బాబూ?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సర్వే నంబరూ కొలతా వేసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

అంత తెలిసినవాణ్ని, మళ్లీ అదే తప్పు ఈ ఆటలో చేశాను.

మూడేళ్ల క్రితం మేము తొమ్మిది మందిమి ఆన్‌లైన్లో మొదలుపెట్టాం. పీటర్ సూబర్ 1982లో తయారుచేసిన మొదటి రూళ్లే తీసుకున్నాం: 101 నుంచి 116 దాకా పదహారు మారని రూళ్లు (ముందు మారేవిగా చేస్తే తప్ప దిద్దలేనివి), 201 నుంచి 213 దాకా పదమూడు మారే రూళ్లు. మొదటి రోజే గొడవ. ఆన్‌లైన్ ఆటలో వంతులు ఇంటిపేర్ల అక్షరక్రమంలో రావాలని 201 అంటుంది. ఒకరి ఇంటిపేరు ‘బ’తో, ఒకరిది ‘గ’తో. ఇంగ్లీషులో రాస్తే బి ముందు, మన వర్ణమాలలో గ ముందు. రెండు రోజులు దాని మీదే గడిచాయి. నాకైతే ఆ రెండు రోజులే ఆటలో అన్నిటికన్నా బాగున్నాయి.

ఓటింగ్ ఎప్పుడు ముగిసినట్టో మాకు సరిగ్గా తెలిసేది కాదు. ఆ పూట ఆన్‌లైన్లో ఉన్నవాళ్లు ఓటేస్తే సరిపోతుందనుకునేవాళ్లం. ఒకసారి ఇద్దరు నిద్ర లేచేసరికి ఒక ప్రతిపాదన నెగ్గిపోయింది. పాపం చాలా నొచ్చుకున్నారు. నా వంతు రాగానే, ప్రతిపాదన నెగ్గడానికి ఎన్ని ఓట్లు కావాలో చెప్పే 203ను సవరిస్తూ, “ఆటగాళ్లందరూ ఓటు వేశాకే ఓటింగ్ ముగిసినట్టు” అని రాశాను. ప్రతిపాదన నంబరు 308. తొమ్మిది మందీ ఔనన్నారు. న్యాయం చేశానని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

వారం తిరక్కుండా మాలో సోంపేట కుర్రాడికి ఓడలో పని దొరికి వెళ్లిపోయాడు. సముద్రం మధ్యలో సిగ్నల్ ఏముంటుంది? నా తర్వాత వంతు మీ పెద్ద వదినది. ఆమె 309 పెట్టింది. ఎనిమిది ఓట్లు పడ్డాయి, తొమ్మిదోది లేదు. నా రూలు మారుద్దామన్నా అతని ఓటు కావాల్సిందే.

అప్పుడు వదిన 213 తీసింది. ఆట ఇక సాగని స్థితి వస్తే, వంతు పూర్తిచేయలేక మొదట ఆగిపోయినవారే గెలిచినట్టని ఆ రూలు. “మావయ్యా, మీ రూలిప్పుడు 203 కాదు, 308. నాది 213. చిన్న నంబరుదే పైచేయి” అంది. నిజమే. 108 ప్రకారం సవరించిన రూలుకు ఆ ప్రతిపాదన నంబరే వస్తుంది. మారే రూళ్లు రెండు తగువుపడితే చిన్న నంబరుదే నెగ్గాలని 211 అంటుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో. నువ్వు ఒక్క మాట దిద్దినా ఆ రూలు వరసలో వెనక్కి వెళ్లిపోతుంది, నిన్నటిదాకా దానికి లొంగి ఉన్నవి రేపు దాని మీదకొస్తాయి.

తీర్పు ఎవరు చెప్పాలి? ఆడుతున్నవారికి ముందు వంతువారు, అంటే నేనే. ఓడ ఎప్పుడో ఒడ్డుకొస్తుంది కాబట్టి ఆట సాగనట్టు కాదు, ఆలస్యమైనట్టే అన్నాను. నా తీర్పు కొట్టెయ్యాలంటే మిగతావాళ్లంతా ఏకగ్రీవంగా ఓటెయ్యాలి. ఆ అంతాలోనూ ఓడలో ఉన్నవాడున్నాడు. నలభై ఒక్క రోజులు ఎవరూ ఏమీ చెయ్యలేకపోయాం. అతను రేవు చేరి ఓటేసేసరికి ముగ్గురికి ఆట మీద మనసు పోయింది. నా తీర్పు సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను, కానీ నా రూలు గురించి నేనే తీర్పు చెప్పకుండా ఉండాల్సింది.

‘ఆటగాళ్లందరూ’ అన్న మాటే నా రెండో గెడ్డ. ఈ రోజు ఉన్నచోట రేపు ఉండదు.

నువ్వు రాసేదానిలో ‘అందరూ’, ‘త్వరగా’, ‘ఆడుతున్నవారు’ లాంటి మాటలు కనిపిస్తే ఆగు. ఓటింగ్ మొదలైన 72 గంటల్లోపు వచ్చిన ఓట్లే లెక్క అని రాయి. భారత కాలమానం అని కూడా రాయి, మీ ఆటలో మస్కట్ పిల్లాడున్నాడన్నావు. పాత పాఠం, కొత్త పాఠం రెండూ పూర్తిగా పెట్టు.

ఇక మారని రూలు చేసే సంగతి. మారే రూలును మారనిదిగా చెయ్యడానికి మిగతా ప్రతిపాదనలకు కావాల్సిన ఓట్లే చాలు, కానీ మారనిదాన్ని మళ్లీ మారేదిగా చెయ్యాలంటే 109 ప్రకారం ఎప్పటికీ అందరూ ఒప్పుకోవాల్సిందే. ఇవాళ అందరూ నీ మాట వింటారు. రేపు ఒక్కడు మొండికేస్తే, లేదా ఓడెక్కితే, నువ్వే విప్పలేవు. మన రాజ్యాంగంలో 368వ అధికరణ చూడు. దాన్ని మార్చాలన్నా అది చెప్పిన దారిలోనే మార్చాలి, పైగా కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. అక్కడ కూడా తలుపు బిగువుగా పెట్టారు గానీ గోడ కట్టలేదు. సూబర్ కూడా 203లోనే ఒక తలుపు ఉంచాడు: రెండు రౌండ్లు పూర్తయ్యేలోపు ఎవరూ ముట్టుకోకపోతే ఏకగ్రీవం అవసరం పోయి మామూలు మెజారిటీ సరిపోతుంది. నువ్వూ అలాగే ఒక గడువు పెట్టు. రెండు రౌండ్లయ్యాక దానంతటదే పాత పాఠానికి వచ్చేయాలని రాయి. బాగుంటే వాళ్లే మళ్లీ పెట్టుకుంటారు.

పాయింట్ల గురించి టెన్షన్ పడకు. ఆన్‌లైన్ ఆటలో పాచిక లేదు. ప్రతిపాదన నంబరులోంచి 291 తీసేసి, అనుకూలంగా పడ్డ ఓట్ల వాటాతో గుణిస్తారు. నీది 311 అయి ఎనిమిదిలో ఆరు ఓట్లు పడితే పదిహేను పాయింట్లు. ఓడితే పది పోతాయి, అంతే. ఏకగ్రీవం అవసరం పోయాక, నెగ్గిన ప్రతిపాదనకు కాదన్నవాళ్లకు తలా పది పాయింట్లొస్తాయి. కాబట్టి ఎవరైనా వ్యతిరేకంగా ఓటేస్తే నీ మీద కోపమనుకోకు.

ముందుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్న 210 ఆన్‌లైన్ ఆటకు వర్తించదు. శనివారం లోపు మీవాళ్లలో ఇద్దరికి చూపించు, వాళ్లలో ఒకరు నీతో ఎప్పుడూ వాదించేవారై ఉండాలి. వాళ్లు చదివాక నాకు పంపు. రాత్రి తొమ్మిది దాటినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ చిన్న మావయ్య
విజయనగరం