ప్రావిడెంట్ ఫండ్ లేని కలాసీ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

కథ చదివాను. ఫిషింగ్ హార్బర్ భాగం బాగా వచ్చింది, చేపల వేలంపాట మరీను. నా పేచీ అంతా ఒక్క మాటతోనే. సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో ఇంట్లో బియ్యం నిండుకున్న కలాసీని, అంటే బోటు మీద పనిచేసేవాణ్ణి, 'ఇంప్రావిడెంట్ మనిషి' అనేసి చకచకా ముందుకెళ్లిపోయావు.

ఆ మాట పుట్టుక చూడు. లాటిన్‌లో 'ప్రో' అంటే ముందుకు, 'విడేరే' అంటే చూడటం. వీడియో, విజన్ కూడా ఈ 'విడేరే' సంతానమే. రెండూ కలిస్తే ముందుగా చూడటం, చూసి ఏర్పాటు చేసుకోవడం. ముందున్న 'ఇమ్' ఆ గుణం లేదంటుంది. ప్రూడెంట్ కూడా ఈ ఇంటి పిల్లే, నోట్లో నలిగి పొట్టిదైంది. అయితే ఇంప్రూడెంట్ ఏ తెలివితక్కువ పనికైనా సరిపోతుంది. ఇంప్రావిడెంట్ ఎక్కువగా డబ్బు దగ్గర, రేపటి తిండి దగ్గర పలుకుతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఉన్నవాళ్లు లేనివాళ్ల మీద తరచూ విసిరిన మాట ఇది.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగినదానివి, పీఎఫ్ నీకు కొత్త కాదు. అందులో 'పీ' ఈ ప్రావిడెంటే. ఉద్యోగికి అంత ముందుచూపు ఎక్కడిది? చట్టం అతని బదులు చూస్తోంది. జీతం చేతికి రాకముందే కోత పడుతుంది. కలాసీకి వచ్చేది జీతం కాదు, వేటలో వాటా. కోసి దాచేవాళ్లెవరూ లేరు.

నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ తేదీలు అతనికి నీకంటే బాగా తెలుసు. పంచతంత్రంలో యద్భవిష్యుడనే చేప, జాలరులు వస్తారని తెలిసీ మడుగు వదల్లేదు. నీ కలాసీ అలాంటివాడేనా, లేక అన్నీ చూసుకున్నా చేతిలో ఏమీ మిగలనివాడా? కథలో ఎక్కడా తేలలేదు.

మార్చిలో వాటా డబ్బు ఎటు పోయిందో రాయి. పాత అడ్వాన్సు కింద బోటు యజమాని పట్టుకున్నాడా, కూతురి ఫీజుకి పోయిందా, మందుకా? మందుకే అయితే అలాగే రాయి, మొహమాటం వద్దు.

ఆ ఇంగ్లీషు మాట మీద మోజు తీరకపోతే కథ చెప్పే గొంతులోంచి తీసేసి, పీఎఫ్ ఉన్న పాత్ర ఎవరిచేతనైనా అనిపించు. అప్పుడది కలాసీ గురించి కాక, అన్నవాడి గురించి చెబుతుంది.