గతం మరిచిన పాత్రలతో ఆట ఎలా నడపాలి?

ప్రశ్న: ఆదివారం ఆదివారం ఫ్రెండ్స్ అంతా కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం. ఈసారి డంజియన్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేదాన్ని, నేనే. నలుగురి పాత్రలూ పగిలిన ఓడ పక్కన ఇసుకలో కళ్లు తెరుస్తాయి, ఎవరికీ పేరు కూడా గుర్తుండదు. వాళ్ల గతం మొత్తం నేనే రాసి ఫైల్లో దాచుకున్నాను. మొదట్లో అందరూ హుషారుగా ఉన్నారు గానీ ఇప్పుడు "ఏం చేయాలో నువ్వే చెప్పు" అని నావైపు చూస్తున్నారు. ఎలా సరిచేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ కథ బాగుందండీ, ఆపేయకండి. చిక్కంతా ఆ ఫైల్లోనే ఉంది. మామూలు ఆటలో ప్లేయర్ తన పాత్ర గురించి నాలుగు ముక్కలు తెలిసే వస్తాడు, ఇల్లు ఎందుకు వదిలాడో, ఎవరంటే ప్రాణమో, ఎవరికి బాకీ ఉన్నాడో, ఆ నాలుగు ముక్కల వల్లే తలుపు తెరవాలా పారిపోవాలా అన్నది అతను తేల్చుకోగలుగుతాడు. మీ వాళ్ల చేతిలో అవేమీ లేవు. మీరు చెప్పేదాకా కాచుక్కూర్చోవడం తప్ప వాళ్లకి పని లేదు.

అందుకని ఫైల్లోంచి ఒక్క విషయం మాత్రం మీ దగ్గర ఉంచుకోండి: జ్ఞాపకాలు చెరిపింది ఎవరు, ఎందుకు. మిగతాది వాళ్లకి వదిలేయండి. వదిలేయడమంటే కూర్చోబెట్టి వ్యాసం రాయించమని కాదు, ఆట మధ్యలో ప్రశ్న అడగండి. సంతలో ఒక ముసలావిడ ఫైటర్ (యోధుడి పాత్ర) చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది, అప్పుడు ఆవిడెవరో మీరు చెప్పకుండా "నీకు ఈ గొంతు ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడ విన్నావ్?" అని ఆ ప్లేయర్‌నే అడగండి. అతను చెప్పిందే ఖాయం. మీరు రాసుకున్నదానికి అడ్డొస్తే మీదే కొట్టేయండి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) కూడా ఇలాగే వాడుకోవచ్చు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌లో 18 స్కిల్స్ (పాత్రకి వచ్చే పనులు) ఉంటాయి కదా, ఫైటర్‌కి క్లాస్ (పాత్ర వృత్తి) నుంచి 2, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వజీవితం) నుంచి 2 వస్తాయి, రోగ్‌కైతే (దొంగలాంటి చాకచక్యం ఉన్న పాత్ర) క్లాస్ నుంచే 4. స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ లాంటి ఆరు అంకెలూ మామూలుగానే వేసుకోమనండి గానీ స్కిల్స్ గళ్లు ఖాళీగా ఉంచమనండి. గుర్రం అదుపు తప్పినప్పుడు రోగ్ ఆడే అమ్మాయి "ఇది నాకొచ్చు" అంటే అక్కడికక్కడే యానిమల్ హ్యాండ్లింగ్‌కి టిక్ పెట్టి, ప్రొఫిషియెన్సీ బోనస్ (వచ్చిన పనికి డైస్ మీద అదనంగా కలిపే అంకె) కలిపి డైస్ వేయించండి (రోగ్ క్లాస్ జాబితాలో ఆ స్కిల్ లేదంటారా, బ్యాక్‌గ్రౌండ్ వాటాలోంచి ఇవ్వండి). గుర్రాల దగ్గర ఎవరు పెంచారో ఒక్క వాక్యం ఆ అమ్మాయే చెప్పాలి. కోటా అయిపోతే ఇక టిక్‌లు లేవు. ఇలా పెడితే ప్రతి డైస్ వెనకా ఒక గతం పుడుతుంది, మీరు ఇంకేమీ దాచిపెట్టనక్కర్లేదు.

ఇది రూల్స్ కోసం చేసిన కల్పన అనుకోకండి. క్లైవ్ వేరింగ్ అనే బ్రిటిష్ సంగీతకారుడికి 1985లో హెర్పిస్ వైరస్ మెదడుకి సోకి జ్ఞాపకశక్తి దారుణంగా దెబ్బతింది, కొత్తగా జరిగేది క్షణాల్లో మరిచిపోయేవాడు, పాత జీవితంలోనూ చాలా భాగం పోయింది. అయినా పియానో ముందు కూర్చుంటే వాయించేవాడు, భార్య కనిపిస్తే పొంగిపోయేవాడు. ఏం జరిగిందన్నది మరిచినా చేతికి వచ్చిన విద్య, మనసుకి దగ్గరైన మనిషి మిగలొచ్చు. మీ పాత్రలకి కూడా అలాంటివి రెండు మొదటిరోజే ఇచ్చేయండి: చేతులు వాటంతటవే చేసే పని ఒకటి, ఎందుకో తెలియకుండానే వదలబుద్ధికాని వస్తువు ఒకటి.

ఇంకొకటి, గతం వెతుక్కోవడం ఒక్కటే పని అయితే ఆట కదలదు. రాత్రికి సముద్రం పోటెత్తుతుంది, లేదా తీరం వెంట ఎవరో కాగడాలతో వెతుకుతున్నారు. ఇలాంటి తక్షణ అవసరం ఒకటి ఉండాలి.

ప్రశ్న: పాత్రల్లో ఒకడే ఊళ్లు తగలబెట్టిన దుర్మార్గుడని చివర్లో బయటపెడదామనుకుంటున్నాను. బాగుంటుందా?
- అదే పాఠకురాలు

జవాబు: ఆ ప్లేయర్ ఒప్పుకుంటేనే. నెలల తరబడి ప్రేమగా ఆడిన పాత్రని అతనికి చెప్పకుండా హంతకుణ్ని చేయడం అన్యాయం. ముందే విడిగా పిలిచి "నీ గతంలో చాలా చెడ్డ విషయం ఉంటే పర్లేదా?" అని అడగండి. వివరం చెప్పక్కర్లేదు, సస్పెన్స్ పోదు.

కొత్త గ్రూప్‌తో ఆడేటప్పుడు సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలవకముందే, మతిమరుపు కథ అందరికీ సమ్మతమేనా అని అడగాలి. ఇంట్లో అమ్మో తాతయ్యో అల్జీమర్స్‌తో తమని గుర్తుపట్టని స్థితిలో ఉన్నవాళ్లకి ఇది ఆదివారం సరదా కాదు. ఎవరైనా వద్దంటే కారణం అడగకండి. అదే ఓడ, అదే తీరం ఉంచి, పాత్రల్ని ఒకరికొకరు ముక్కూమొహం తెలియని ప్రయాణికులుగా మార్చేయండి, పైన చెప్పిన ఖాళీ గళ్ల పద్ధతి అక్కడా పనిచేస్తుంది.