తాళం తీసినా పద్మిని ఇంజిన్ ఆగకపోతే

అన్నయ్యా, కైలాసగిరి ఎక్కి వచ్చాక తాళం తీసేసినా మీ ప్రీమియర్ పద్మిని కారు ఇంజిన్ ఐదారు సెకన్లు కొట్టుకుంటూనే ఉందన్నారు. తాళం తీశాక కూడా మామూలుగా, నున్నగా తిరుగుతుంటే కరెంటు ఇంకా అందుతోందన్నమాట, ఇగ్నిషన్ స్విచ్చి చూపించాలి. మీ బండి ఊగిపోతూ ఆగుతోంది కాబట్టి ఇది స్పార్కుతో పనిలేని మంట. సిలిండర్లో పేరుకున్న మసి ఎర్రగా కాలి, కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) నుంచి వచ్చే పెట్రోల్‌ని అదే అంటిస్తోంది.

నేనైతే మొదట ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, చూస్తాను. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోకూడదని చాలామంది మెకానిక్‌లు ఐడ్లింగ్ స్క్రూ బిగించి ఆ వేగం పెంచేస్తారు. దాంతో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) కొంచెం తెరుచుకునే ఉండి, తాళం తీశాక కూడా ఇంజిన్ గాలీ పెట్రోలూ పీల్చుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక మాన్యువల్లో ఉన్న వేగానికి దించండి. దించగానే ఆగిపోతుంటే టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనకబడిందేమో టైమింగ్ లైటుతో చూపించండి. అది వెనకబడితే ఇంజిన్ వేడీ పెరుగుతుంది.

రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు కూడా చూడండి. మన బీచ్ రోడ్డు ఉప్పుగాలి రేడియేటర్ రెక్కల్ని తినేస్తుంది. స్పార్కు ప్లగ్గులు సరైన హీట్ రేంజివేనా, అంటే మీ ఇంజిన్ వేడికి తగినవేనా? అన్నీ బాగున్నా తగ్గకపోతే హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పించి మసి గీకించాల్సిందే.

అప్పటిదాకా, ఆపేముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచండి. అయినా కొట్టుకుంటే తాళం తీసేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి క్లచ్ వదలండి. వెంటనే ఆగుతుంది. అలా కొట్టుకోనిస్తే మాత్రం ఇంజిన్ మౌంటింగులు దెబ్బతింటాయి.