గర్భిణికి వైద్యం ఊళ్లోకి వచ్చింది, మరి మాట ఎవరిది?

"పల్లెల్లో స్త్రీకి సొంతంగా నిర్ణయించుకునే వీలుంటే గర్భిణి సేవలను ఎక్కువగా వాడుకుంటుందా?" అని మీరు అడిగారు. నల్లగొండ జిల్లా గ్రామాల్లో ఏఎన్ఎంగా, అంటే గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే ఆరోగ్య కార్యకర్తగా, పనిచేసిన అనుభవంతో అవుననే చెబుతాను. అయితే మా ప్రాంతంలో ఆసుపత్రి కాన్పుల లెక్క ఒక్కటే చూస్తే ఆ తేడా కనబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. ఆశా కార్యకర్తలు, 108 వాహనం, 2017లో మొదలై ప్రభుత్వాసుపత్రిలో ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడు పుడితే 12 వేల రూపాయలు ఇచ్చిన కేసీఆర్ కిట్ వంటి వాటి వల్ల, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లాలన్న విషయంలో ఇప్పుడు ఏ ఇంట్లోనూ పెద్దగా అభ్యంతరం లేదు.

కోడలి మాటకు విలువ ఉందో లేదో తొలి నెలల్లోనే బయటపడుతుంది. నెల తప్పిన సంగతి మూడో నెల దాటేవరకు బయటికి పొక్కకూడదని పెద్దవాళ్లు అనుకునే ఇళ్లలో, పన్నెండు వారాలలోపు జరగవలసిన గర్భిణి నమోదు ఆలస్యమై, ఆ తొలి వారాల్లోనే వేసుకోవలసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆమెకు అందకుండా పోతాయి. భోజనం సంగతీ అంతే. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి రోజూ అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో పూటభోజనం పెడుతున్నా, పత్తి చేలో కూలికి వెళ్లే మనిషి మధ్యాహ్నం అక్కడికి రాలేదు, గడప దాటనివ్వని ఇంటి కోడలు అసలే రాలేదు. ఆమె వాటాను డబ్బాలో ఇంటికి తీసుకెళితే అది నలుగురి పళ్లెంలోకీ చేరేది. అందుకే కూర్చుని తిని వెళ్లమని అంగన్‌వాడీ టీచర్లు పట్టుబట్టడం నాకు ఎంతో సబబుగా అనిపించేది.

పరీక్షకు వచ్చినప్పుడు కూడా నా ప్రశ్నలకు చాలాసార్లు అత్తగారే జవాబు చెప్పేవారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారి కాలంలో వారిని అడిగినవారే లేరు. కానీ పొట్ట పరీక్ష చేయాలని అందరినీ బయట కూర్చోబెట్టి తలుపు మూసిన తర్వాతే, తలనొప్పి తగ్గడం లేదనీ, కళ్లు మసకబారుతున్నాయనీ ఆ అమ్మాయి చెప్పేది. ఇవి రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని సూచించే లక్షణాలు. ఆ కాసేపు ఏకాంతం దొరకకపోతే రక్తపోటు పరికరం చేతిలో ఉన్నా సగం సమాచారం మనకు అందదు.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారాన్నీ ఈ చర్చలో చేర్చాలి. తల్లి దగ్గర అమ్మాయి ధైర్యంగా నోరు విప్పుతుంది, అది మేలే. అయితే తల్లీబిడ్డల కార్డు అత్తగారింట్లో మరిచిపోతే, అక్కడి ఏఎన్ఎంకు ఆమె రక్తహీనత సంగతి గానీ పాత స్కానింగ్ వివరాలు గానీ తెలియవు. కాబట్టి ఆ కార్డు ఎప్పుడూ గర్భిణి దగ్గరే ఉండాలని నేను కుటుంబాలకు గట్టిగా చెప్పేదాన్ని.

ఇక ఆసుపత్రి లోపలి సంగతి. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. వైద్యపరంగా తప్పనిసరి అయినవి కొన్ని ఉంటాయి. కానీ ముహూర్తం చూసి కోత పెట్టించే ఇళ్లలో పంతులుగారిని, డాక్టరును, మామగారిని అడుగుతారు తప్ప కోత పడేది ఎవరికో ఆ మనిషిని అడగరు. ఆసుపత్రికి చేరినంత మాత్రాన ఆమెకు స్వేచ్ఛ దక్కినట్టు కాదని నేను నమ్మడానికి కారణం ఇదే.

మీరు ఈ రంగంలో పనిచేయబోతున్నట్లయితే ఒక విషయం తెలుసుకోండి. సొంతంగా నిర్ణయించుకోగల వయోజనురాలైన స్త్రీకి చేసే చికిత్సకు ఆమె సమ్మతే కావాలనీ, అత్యవసరం కానప్పుడు ఆమె బదులు తల్లి చేసిన సంతకం చెల్లదనీ సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో తేల్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు కూడా ప్రభుత్వ నిబంధనల ప్రకారం భర్త అనుమతి అవసరం లేదు. అయినా రెండో కాన్పుతోపాటే ఆ ఆపరేషన్ చేయించాలని ఇంట్లో ముందే అనుకుని, నొప్పులు పడుతున్న మనిషి ముందు కాగితం పెడతారు. అందువల్ల ఈ మాట ఎనిమిదో నెల పరీక్షలోనే, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు తీరిగ్గా అడిగి, ఆమె చెప్పిన సమాధానాన్ని కార్డు మీద రాసిపెట్టండి.