సీమ కోడలు, గోదావరి వెటకారం

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాన్నగారికి బంగారు నగల కొట్టు ఉంది. భీమవరం కోడలిగా వచ్చి ఏడేళ్ళయింది. ఏ శుభకార్యానికి వెళ్ళినా మా చినమామగారు «అమ్మాయిని కదిలించకండి, సుమోలు దిగుతాయి» అంటారు. అందరితోపాటు నేనూ నవ్వేస్తాను. నేనూ పుట్టింటికి వెళ్ళినప్పుడు వీళ్ళ ‘ఆయ్’ని అనుకరించి చెల్లెళ్ళను నవ్విస్తుంటాను. అయితే ఈమధ్య కూరలో కారం దగ్గర మాటామాటా వచ్చినప్పుడు అత్తగారు «సీమ బుద్ధి ఎక్కడికి పోతుంది» అన్నారు. అయిదేళ్ళ మా బాబు, అమ్మమ్మ వాళ్ళింట్లో బాంబులుంటాయా అని అడిగాడు. మావారు పట్టించుకోవద్దంటారు. వచ్చే నెల ఆడపడుచు గృహప్రవేశం మానేద్దామనిపిస్తోంది. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: అతిగా ఏమీ ఆలోచించడం లేదు. అయితే చినమామగారి హాస్యాన్నీ అత్తగారి మాటనూ మీరు ఒకే గాటన కట్టడం వల్ల, ఆయనపై అవసరానికి మించిన కోపం పెంచుకుంటూ, అసలు పట్టించుకోవలసిన రెండో సంగతిని నానబెడుతున్నారు.

చినమామగారు అనేది నలుగురిలో, మీ ముఖం మీదే. సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వంద రకాలు వడ్డించి, అతణ్ణి ఆట పట్టించకుండా విస్తరి ముందు నుంచి లేవనివ్వని ప్రాంతం అది. అటువంటి హాస్యం ఆడేవారు తిరిగి పడగలరా లేదా అన్నదే చూడాలి. కనుక గృహప్రవేశానికి తప్పకుండా వెళ్ళండి. సుమోల ప్రస్తావన రాగానే, «సంక్రాంతికి కోడి కాళ్ళకు కత్తులు కట్టేది మా ఊళ్ళో కాదు కదండీ, చినమామయ్యగారూ» అని చిరునవ్వుతో అనండి. ఆయన పకపకా నవ్వితే ఆ విషయం అక్కడితో వదిలేయవచ్చు. ముఖం ముడుచుకుంటే ఇన్నాళ్ళూ జరిగింది సరదా కాదని అక్కడున్న వారందరికీ తెలుస్తుంది. పుట్టింట్లో మీ ప్రదర్శన గురించి మీరే రాశారు కాబట్టి, ఈ విద్య మీకు రాదని నేననుకోను.

అత్తగారి మాట అలా కాదు. కారం గురించిన తగవు పుట్టిన ప్రాంతం మీదికి మళ్ళితే మీరు గట్టిగా బదులిచ్చినా అదే సీమ బుద్ధి అవుతుంది, మౌనంగా ఉన్నా ఒప్పుకున్నట్టే అవుతుంది. దీన్ని తగవు మధ్యలో తేల్చలేరు. ఏదో ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ తీరికగా ఉన్నప్పుడు, «అత్తయ్యా, నా వల్ల తప్పు జరిగితే నన్ను అనండి, పడతాను, మా ఊరినీ మావాళ్ళనూ అంటే మాత్రం బాధగా ఉంటుంది» అని చెప్పండి. పాత లెక్కలు తవ్వవద్దు.

బాబుకు మాత్రం సూటిగా జవాబు చెప్పండి: బాంబులు లేవు, తాతయ్య కొట్లో ఉన్నది బంగారం తూచే త్రాసు. ఈసారి దసరాకు వాడిని ప్రొద్దుటూరు తీసుకెళ్ళి అమ్మవారిశాల ఉత్సవాలు చూపించండి. వీలైతే ఒక ఉగాదికి దేవుని కడప తీసుకెళ్ళండి. ఆ రోజు వేంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లిములు కూడా వరుసకట్టే దృశ్యాన్ని వాడు కళ్ళారా చూడాలి. పెద్దయ్యాక మళ్ళీ అడిగితే కక్షలు అసలే లేవని బుకాయించకండి. కొన్ని ఊళ్ళలో ఉండేవి, వాటి వల్ల ఎక్కువ నష్టపోయింది ఆ ఊళ్ళవాళ్ళే, 1990ల చివర నుంచి వరుసగా వచ్చిన సినిమాలు వాటినే మొత్తం సీమకు అంటగట్టాయి అని చెప్పండి.

ఇక మీవారు. తన తల్లి అన్న మాటను పట్టించుకోవద్దని మీకు చెప్పడం ఆయనకు సులువే. ఇకపై అలా అనవద్దని తల్లికి చెప్పవలసిన పని కూడా ఆయనదే. మీరు అత్తగారితో మాట్లాడడానికి ముందే, మీరు అక్కడ లేని సమయంలో, ఆయన ఈ విషయం ఆమెకు చెప్పాలి. బాబు అడిగిన ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా ఆయనకు వినిపించండి. ఆ తర్వాత కూడా ఆయన తప్పించుకుంటే, ఈసారి ఇద్దరూ కలిసి రాయండి.